చెయ్యి జారే మామయ్య

మా మామయ్యకు ఒక్కటే జబ్బు. చెయ్యి జారుతుంది.

అన్ని పనుల్లోనూ కాదు. అంచుదాకా నింపిన టీ గ్లాసు పట్టుకుని మా స్టూడియో నిటారు మెట్లన్నీ ఎక్కి వచ్చినా చుక్క ఒలికేది కాదు. సూదిలో దారం ఒక్క ఊపులో ఎక్కించేవాడు. గోడకు మేకు కొడితే వేలి మీద దెబ్బ పడిన పాపాన పోలేదు. కానీ బల్ల మీద పసిబిడ్డను కూర్చోబెట్టి, కెమెరా సిద్ధం చేసి, ఆ బిడ్డను నవ్వించడానికి ఇంటిల్లిపాదీ మామయ్య వెనక చేరి కుక్కల్లా పిల్లుల్లా అరవడం మొదలుపెట్టారో, ఇక అంతే. మూడుకాళ్ళ స్టాండు మీద మర బిగించి కూర్చోబెట్టిన కెమెరా గిర్రున వెనక్కి తిరిగేది. టక్కుమనేది. ఆ ఫోటోలో బిడ్డ ఉండదు. బిడ్డ కోసం నానా తిప్పలు పడుతున్న పెద్దవాళ్ళు ఉంటారు, బయటపెట్టిన నాలుకలతో సహా.

“ఏవండీ, ఇదేమిటండీ! బిడ్డ అటుంటే ఇటు తీశారేమిటి?” అని వాళ్ళు లబోదిబోమనేవాళ్ళు.

“చెయ్యి జారిందండీ,” అనేవాడు మామయ్య, కాస్తయినా నవ్వకుండా.

స్టాండు మీదున్న కెమెరాకీ చెయ్యి జారడానికీ సంబంధమేమిటని నిలదీసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఈలోగా బిడ్డ ఏడుపు అందుకునేది. ఊళ్ళో మామయ్య పేరు చెబితే ఎవరికీ తెలిసేది కాదు గానీ ‘రివర్సు ఫోటోగ్రాఫరు’ అంటే మాత్రం మెట్ల దాకా వచ్చి దిగబెట్టి వెళ్ళేవాళ్ళు.

ఫోన్లలో కెమెరాలు రాని రోజులవి. ఫోటో కావాలంటే మంచి బట్టలు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, గడియారాల షాపు పక్కనున్న మెట్లెక్కి మా దగ్గరికి రావలసిందే. పైన పొడవాటి గది. ఒక చివర రంగులు వేసిన తెర, దాని మీద సరస్సు, సరస్సులో హంస. తరతరాల వాళ్ళు ఆనుకుని ఫోటోలు దిగడంతో హంస మెడ అరిగిపోయి, దూరం నుంచి చూస్తే బాతులా ఉండేది. రెండు పెద్ద లైట్లు, బొమ్మల బుట్ట, ఆ బుట్టలో ఎప్పుడో నోరు పడిపోయిన రబ్బరు చిలుక. ఇంకో చివర నల్ల తెర వెనక డార్క్‌రూమ్. నేను మామయ్యకు చెల్లెలి కూతుర్ని. అత్తయ్య పోయాక ఆయన ఒక్కడే అవస్థ పడుతున్నాడని మా అమ్మ నన్ను స్టూడియోకి తోలింది. ఫోటోలు కత్తిరించడం, అట్టలు అంటించడం, మామయ్య చెయ్యి జారినప్పుడల్లా జనాన్ని సముదాయించి మెట్లు దించడం నా ఉద్యోగం. మూడోదానికే ఎక్కువ పొద్దు పోయేది.

ఒకసారి హైస్కూలు హెడ్మాస్టరు గారు మనవరాల్ని తీసుకొచ్చారు. ఆయన వీధిలో నడుస్తుంటే ఆగి ఉన్న సైకిళ్ళు కూడా వరసలో సర్దుకుంటాయని చెప్పుకునేవాళ్ళు. ఆ మనవరాలు అచ్చం తాతగారే. ముఖం ముడుచుకుని మా అందర్నీ పరీక్ష తప్పినవాళ్ళను చూసినట్టు చూసింది. తల్లి చప్పట్లు కొట్టింది, తండ్రి ఈల వేశాడు, ఎవరికీ మార్కులు పడలేదు. చివరికి హెడ్మాస్టరు గారు అటూ ఇటూ చూసి, తలుపు గడియ పెట్టి, తువ్వాలు నెత్తిన కప్పుకుని, మోకాళ్ళ మీద కూలబడి “మే... మే...” అన్నారు. పిల్ల విరగబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే మామయ్య చెయ్యి జారింది.

“ఎవరయ్యా నిన్ను ఇటు తియ్యమంది?” అని గర్జించారు హెడ్మాస్టరు గారు, ఇంకా మోకాళ్ళ మీదే ఉండి.

“ఎవరూ అనలేదు సార్. చెయ్యి జారింది.”

“జారితే కిందికి జారాలి గానీ వెనక్కి జారుతుందా? అసలు భౌతికశాస్త్రం చదివావా నువ్వు?”

“చదివాను సార్. మీ దగ్గరే. తప్పాను.”

ఇంకోసారి ఇద్దరు వియ్యంకులు వచ్చారు. ఎందుకో మాటామాటా వచ్చి ముఖాలు చూసుకోవడం మానేసినవాళ్ళు. మనవడి ఫోటోకి మాత్రం ఎవరికి వారు తయారయ్యారు. ఈయన ఈ మూల నుంచి కోడిలా కూస్తే, ఆయన ఆ మూల నుంచి కాకిలా అరిచాడు. పోటీ ముదిరి ముదిరి ఇద్దరూ ఒకే బెలూన్ పట్టుకుని ఊదడానికి పెనుగులాడారు. మామయ్య తీసిన ఫోటోలో ఆ ఇద్దరూ బుగ్గకు బుగ్గ ఆనించుకుని ముద్దు పెట్టుకోబోతున్నట్టు ఉన్నారు. ఆ ఫోటో చూసి మళ్ళీ కొత్తగా పోట్లాడుకున్నారు.

ఇలాంటి ఫోటోలను ఎవరూ తీసుకెళ్ళేవాళ్ళు కాదు. మామయ్య వాటిని కడిగి, ఆరబెట్టి, డార్క్‌రూమ్ అటక మీద పాత బిస్కెట్ డబ్బాల్లో దాచేవాడు. బిస్కెట్లున్నాయేమోనని మూత తీసినవాళ్ళకు నాలుక చాపిన బ్యాంకు మేనేజరు ఎదురయ్యేవాడు.

“మామయ్యా, వాళ్ళకి కావలసింది బిడ్డ ఫోటో.”

“అదీ తీశాను కదే.”

“మరి ఇవెందుకు? అటక కూలి మన నెత్తిన పడేట్టుంది. తీసెయ్యనా?”

“ఉండనీవే. చెయ్యి...”

“జారింది. తెలుసు. పద, డాక్టరు దగ్గరికి వెళ్ళి దానికి కట్టు కట్టిద్దాం.”

మామయ్య నల్ల తెర పక్కకు తోసుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు. లోపల ఎర్రదీపం పక్కన మేకుకు ఒక పాడైపోయిన ఫోటో వేలాడుతూ ఉండేది. బోడిగుండు పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, అది కూడా మసకమసకగా. అంచున ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది. దాన్ని పారేస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. మేకు ఖాళీగా ఉంటే బాగుండదనేవాడు.

ఈ జబ్బు మామయ్యకు ముందు నుంచీ ఉన్నది కాదు. అత్తయ్య పోయాక పట్టుకుంది.

మామయ్య నవ్వితే పిల్లలు ఏడ్చేవాళ్ళు. పాపం, ఆయన తప్పేం లేదు. ఆ కనుబొమలు అలాంటివి. ముఖంలో మిగతావన్నీ నవ్వుతున్నా అవి రెండూ దెబ్బలాటకు దిగినట్టు ఉండేవి. అందుకని బిడ్డల్ని నవ్వించే పని అత్తయ్యది. మామయ్య పాత వాచీ ఆవిడ చేతికి వదులుగా వేలాడుతుండేది. ఆ చేత్తో గిలక ఊపుతూ, మామయ్య భుజం వెనక నిలబడి, బుగ్గలు పూరీల్లా పొంగించి “బుర్ర్...” మని గాలి వదిలేది. ఆ శబ్దానికి లొంగని పసివాడు ఊళ్ళో పుట్టలేదు. ఇవాళ ఊళ్ళో పెద్దమనుషులుగా తిరుగుతున్నవాళ్ళ పసినాటి ఫోటోల్లో నవ్వులన్నీ అత్తయ్యను చూసి నవ్వినవే.

కడుపులో నొప్పి అని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. మామయ్య చాలా రోజులు స్టూడియో లైట్లు వెయ్యలేదు. తెరిచాక వెనక నిలబడేవాళ్ళు లేరు. నేను నిలబడి గిలక ఊపితే పిల్లలు ఆవలించేవాళ్ళు. “మీరే వచ్చి నవ్వించుకోండి” అని కన్నవాళ్ళనే పిలవడం మొదలుపెట్టాడు. అలా వాళ్ళు వెనకకు చేరడం, ఈయన వెనక్కి తిరగడం. మనసు కుదురు తప్పిన మనిషికి చెయ్యి మాత్రం కుదురుగా ఎలా ఉంటుందిలే అని నేను సరిపెట్టుకున్నాను. ఆయన్ని వేళాకోళం చేస్తూనే ఉన్నాను గానీ, గట్టిగా ఒక్క మాట అనడానికి నోరు వచ్చేది కాదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరు, భార్య, వాళ్ళ పాప వచ్చారు. వెంట పిల్ల అమ్మమ్మ. ఆవిడ స్టూడియోలో అడుగుపెట్టగానే మా స్టూడియో ఆవిడదైపోయింది. లైటు అటు జరపమంది, బల్ల ఇటు జరపమంది, హంసను చూసి “ఈ బాతేమిటి?” అంది. పాపకున్న నాలుగు వెంట్రుకల్నీ నాలుగుసార్లు దువ్వింది.

“అమ్మా, పాపాయిని ఒళ్ళో పెట్టుకుని మీరూ కూర్చోండి,” అన్నాడు మామయ్య ఆ పిల్ల తల్లితో.

“నేనెందుకులెండి,” అని నవ్వేసిందా అమ్మాయి. నవ్వితే ముక్కు మీద ముడతలు పడేవి. “ఒళ్ళు తగ్గలేదు, జుట్టు చూడండి ఎలా ఉందో. పాపాయిని ఒక్కదాన్నే తియ్యండి. ఈసారి వచ్చినప్పుడు నేనూ దిగుతాను.”

“అవునవును, నువ్వు పక్కకి తప్పుకో, నీడ పడుతుంది,” అంది అమ్మమ్మ.

పాప బల్ల మీద గంభీరంగా కూర్చుంది. డ్రైవరు మామయ్య వెనక నిలబడి, లేని స్టీరింగు తిప్పుతూ “పాం... పాం...” అన్నాడు. పాప దారి ఇవ్వలేదు. అమ్మమ్మ గిలక ఊపితే, ముందు ఆ గిలక ఇమ్మని ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడా అమ్మాయి బొమ్మల బుట్టను బోర్లించి, బొమ్మలన్నీ నేల మీద పోసి, ఖాళీ బుట్ట తలకు టోపీలా పెట్టుకుంది. నల్లగుడ్లు రెండూ ముక్కు దగ్గరికి తెచ్చి, బుగ్గలు పొంగించి “బుర్ర్...” మంది.

పాప పకపకా నవ్వింది. మామయ్య ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత టక్కుమని పాప ఫోటో తీశాడు. ఆ వెంటనే కెమెరా గిర్రున తిరిగింది.

“ఏమయ్యా!” అని విరుచుకుపడింది అమ్మమ్మ. “బంగారంలాంటి పిల్లని బుట్టా అదీ పెట్టి కోతిలా తీస్తావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? చింపెయ్! ముందు చింపెయ్!”

“చెయ్యి జారిందమ్మా. ఇంకా కడగలేదు.”

“అయితే కడిగి చింపెయ్!”

“సరేనమ్మా,” అన్నాడు మామయ్య బుద్ధిగా. ఆ అమ్మాయి బుట్ట తియ్యడం మర్చిపోయి, గోడకానుకుని ఊపిరాడకుండా నవ్వుతోంది.

మళ్ళీ వాళ్ళు వచ్చేసరికి పాపకు నడక వచ్చింది, మాటలు వచ్చాయి. మెట్లు తనే ఎక్కుతానని పేచీ పెడుతున్న గొంతు కింద నుంచే వినిపించింది. పైకి వచ్చింది ముగ్గురే. డ్రైవరు టోపీ చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. అమ్మమ్మ లైటు జరపమనలేదు, బల్ల జరపమనలేదు.

“బడిలో వేస్తున్నామమ్మా. ఫోటో కావాలన్నారు,” అంది నాతో, మెల్లగా. నా చూపు మెట్ల వైపు పోవడం గమనించినట్టుంది. “పిల్ల తల్లి లేదు. జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం...”

ఇంకేదో చెప్పబోయి, పాప గౌను అంచు సవరిస్తూ ఉండిపోయింది. మామయ్య లైటు వెయ్యబోతున్నవాడు అలాగే నిలబడిపోయాడు.

డ్రైవరు చంకలోంచి ఒక కవరు తీశాడు. “దీన్నేమైనా బాగు చెయ్యగలరేమోనని తెచ్చానండీ. ఇంట్లో తన ఫోటో ఇదొక్కటే. ఎవరిదో పెళ్ళి గుంపులో ఎక్కడో చివర ఉంది, శనగగింజంత ముఖం. పెద్దది చేయిస్తే ఇలా వచ్చింది.”

అందులో ఉన్నది మనిషో మబ్బో తెలియడం లేదు. రెండు మసక మచ్చలు కళ్ళు అనుకోవాలి.

“పాపకి చూపించి అమ్మ అంటే ‘ఎవలు?’ అంటుంది. రోజూ చూపిస్తాను. రోజూ అదే అడుగుతుంది,” అన్నాడు. టోపీని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు. “అది చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలెండి. నాకే... ఈమధ్య కళ్ళు మూసుకుంటే నాకే ముఖం సరిగ్గా రావడం లేదండీ. ఇదే వస్తోంది, ఈ మసకది. అసలుది పోతోంది.”

మామయ్య నల్ల తెర తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. లోపల బిస్కెట్ డబ్బాలు దబదబా కిందపడుతున్నాయి.

“ఆయనకి కోపం వచ్చిందా అండీ?” అన్నాడు డ్రైవరు బెదురుగా.

“లేదండీ, కూర్చోండి,” అన్నాను.

మామయ్య జుట్టు నిండా దుమ్ముతో బయటికి వచ్చాడు. చేతిలో ఫోటో. తిన్నగా వెళ్ళి అమ్మమ్మ చేతిలో పెట్టాడు.

తల మీద బుట్ట. బూరెల్లా పొంగిన బుగ్గలు. ముక్కు దగ్గరికి వచ్చిన నల్లగుడ్లు, ముక్కు మీద ముడతలు, రేగిన జుట్టు. మసక లేదు. కనురెప్పలు కూడా లెక్కపెట్టుకునేట్టున్నాయి. ఆ ముఖంలో ఉన్న సంతోషం చూస్తే, కెమెరా అవతల బల్ల మీద ఎవరు కూర్చున్నారో అడగక్కర్లేదు.

అమ్మమ్మ చాలాసేపు చూసింది.

“చింపెయ్యమన్నాను కదయ్యా నిన్ను!” అంది చివరికి.

“చింపబోయానమ్మా,” అన్నాడు మామయ్య. “చెయ్యి జారింది.”

ఆవిడ ఆ ఫోటోను చెంపకు ఆనించుకుని భోరుమంది. డ్రైవరు బల్ల మీద చతికిలబడ్డాడు. నేను కత్తిరిస్తున్న అట్ట మీద నా కన్నీళ్ళు పడి అది పనికిరాకుండా పోయింది. పాప ఒక్కతే “నాకూ, నాకూ” అని ఎగిరెగిరి ఫోటో లాక్కుంది. నేల మీద కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తల అటు వంచి ఇటు వంచి చూసింది. ‘ఎవలు’ అని అడగలేదు. బుగ్గలు పొంగించి “బుర్ర్...” మంది. ఫోటో నిండా తుంపర్లు పడ్డాయి.

“అమ్మ,” అన్నాడు డ్రైవరు.

“అమ్మ,” అంది పాప, ఏ పేచీ లేకుండా, తుంపర్లు గౌనుతో తుడుస్తూ.

డ్రైవరు ముఖం తుడుచుకుని మామయ్య వైపు తిరిగాడు. “ఆ రోజు ఇది ఎందుకు తీశారండీ? నిజం చెప్పండి.”

చెయ్యి జారిందంటాడనే అనుకున్నాను. మామయ్య లోపలికి వెళ్ళి, ఎర్రదీపం పక్కనున్న ఆ పాడైపోయిన ఫోటోను మేకుతో సహా పీక్కొచ్చాడు. ఏడుస్తున్న బోడిగుండు పక్కన, అంచున ఉన్న చెయ్యిని వేలితో చూపించాడు. వెలుతురులో ఇప్పుడు సరిగ్గా కనిపించింది. ఒక మణికట్టు, దానికి వదులుగా వేలాడుతున్న మగవాళ్ళ వాచీ, వేళ్ళలో గిలక.

“ఇది మా ఆవిడ,” అన్నాడు. “ఊళ్ళో పిల్లలందరూ ఈవిడ్ని చూసే నవ్వారు బాబూ. పోయాక ఒక్క ఫోటో కోసం ఇల్లంతా గాలించాను. ఇది దొరికింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెనక్కి తిరిగి నొక్కి ఉంటే సరిపోయేది. వెనకే ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.” మేకును జేబులో వేసుకున్నాడు. “అప్పట్నుంచీ తిరుగుతున్నాను.”

రోజూ ఆ ఎర్ర వెలుతురులో నేను చూస్తూ వచ్చింది అత్తయ్యనని నాకు అప్పుడు తెలిసింది.

బడికి ఫోటో ఎలాగూ తియ్యాలి. పాపను స్టూలు మీద కూర్చోబెడితే తల ఎత్తదు, ఒళ్ళో ఉన్న ఫోటో వదలదు. డ్రైవరు “పాం” అందామని నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. అమ్మమ్మ ముక్కు చీదుకుంటోంది.

“నువ్వు నొక్కవే,” అన్నాడు మామయ్య నాతో.

“నువ్వేం చేస్తావు?”

మామయ్య బొమ్మల బుట్ట బోర్లించాడు. బొమ్మలన్నీ నేల మీద దొర్లాయి. బుట్ట నెత్తిన పెట్టుకుని, కెమెరా వెనక నా భుజం పక్కన నిలబడి, జీవితంలో ఏ బిడ్డనీ నవ్వించని ఆ ముఖంతో, ఆ కనుబొమలతో, బుగ్గలు పొంగించాడు.

“మామయ్యా, వద్దు! పిల్ల జడుసుకుంటుంది!”

“బుర్ర్...”

పాప తల ఎత్తింది. మేమందరం ఏడుపు కోసం ఎదురుచూశాం. పాప మామయ్యను చూసింది, ఒళ్ళో ఫోటోను చూసింది, మళ్ళీ మామయ్యను చూసింది. ఒక్కసారిగా కిలకిలమంది. నవ్వితే ముక్కు మీద సన్నగా ముడతలు పడ్డాయి. నేను నొక్కాను.

మామయ్య ముఖం చూడాలి అప్పుడు! తనను చూసి ఒక బిడ్డ నవ్వింది. నమ్మలేక, బుగ్గల్లో గాలి వదలడం కూడా మర్చిపోయి, బుట్ట కింద నుంచి కళ్ళు ఇంత చేసుకుని చూస్తున్నాడు. నేను రీలు ఒక చుట్టు తిప్పి, స్టాండు మర వదులు చేసి, కెమెరాను గిర్రున వెనక్కి తిప్పాను. టక్కుమంది.

“ఏమిటే అది!”

“చెయ్యి జారింది మామయ్యా.”

ఇప్పుడు మామయ్య లేడు. ఆయన పోయినప్పుడు ఫోటో కోసం మేము ఎక్కడా గాలించలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని, బుగ్గలు పొంగించుకుని గోడ మీద ఉన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు విచారంగా ముఖాలు పెట్టుకుని తల ఎత్తి, ఆ ఫోటో చూసి, ఏం చెయ్యాలో తెలియక దగ్గేవాళ్ళు. బాగా ముసలివాడైపోయిన హెడ్మాస్టరు గారు మాత్రం దాచుకోకుండా నవ్వారు. వెళ్ళేముందు, తన మేక ఫోటో ఇంకా ఉందా అని నన్ను పక్కకు పిలిచి అడిగి, కోటు లోపల పెట్టుకుని పట్టుకెళ్ళారు.

మామయ్య ఫోటో పక్కనే ఇంకో మేకుకు అత్తయ్య చెయ్యి ఉంటుంది. ఆ రెండు ఫోటోలూ మరీ దగ్గరగా, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. గిలక సరిగ్గా మామయ్య భుజం వెనకకు వస్తుంది. ఇంటికి వచ్చినవాళ్ళు ఇదేమిటి, ఇంత వంకరగా పెట్టారేమని అడుగుతుంటారు.

మేకు కొట్టేటప్పుడు చెయ్యి జారిందని చెబుతుంటాను.